కందిరీగల గార్డియను

పైడితల్లి భయపడని వస్తువు ఆ వీధిలో లేదు. గ్యాస్ బండ నిండుగా ఉంటే పేలుతుందని భయం, ఖాళీ అయితే పిల్లకు అన్నం ఎలాగని భయం. కూతురు మోక్షిత తుమ్మితే జ్వరం వస్తుందని భయం, తుమ్మకపోతే ఆ తుమ్ము లోపలెక్కడో ఉండిపోయిందని భయం. ఎనిమిదో తరగతి దాకా చదివింది కనక పేపరు చదవగలదు. పేపరు చదవగలదు కనక భయాలకు ఎన్నడూ కరువు రాలేదు. జూట్ మిల్లులో పనిచేసే ఆమె మొగుడు గౌరునాయుడు, "మిల్లు సైరనుకి రోజుకి మూడుసార్లే కూత, మా ఇంట్లోదానికి టైమే లేదు" అని తోటివాళ్ళతో చెప్పుకుంటూ ఉంటాడు.

బళ్ళు తెరిచిన కొత్తలో ఒక సాయంత్రం మోక్షిత సంచీ మంచం మీద పడేసి, "అమ్మా, మా ఆరో తరగతిలోకి కందిరీగ వచ్చింది. నా బెంచీ పైనే గూడు కడుతోంది" అంది, కొత్త టీచరు వచ్చిందన్నంత మామూలుగా.

పైడితల్లి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆ ఒక్క క్షణంలో ఆమె చాలా చూసేసింది. పిల్ల మొహం బూరెలా పొంగడం, అంబులెన్సు రావడం, దారిలో ఆగిపోవడం, ఆస్పత్రికి చేరేసరికి డాక్టరు పెళ్ళికెళ్ళి ఉండడం, ఆ పెళ్ళి కూడా ఎక్కడో దూరాన కావడం.

"పప్పు మాడుతోందే" అన్నాడు గౌరునాయుడు.

మర్నాడు పొద్దున్నే పిల్ల కంటే ముందే బడికి పోయింది. గూడు ఆ బెంచీకి సరిగ్గా పైన ఫ్యాను కొక్కేనికి వేలాడుతోంది. బొటనవేలి గోరంత. బూడిదరంగు కాగితంతో చేసిన బుల్లి గొడుగులా ఉంది. దాని మీద ఒకే ఒక్క కందిరీగ. నడుం సన్నగా, కాళ్ళు వేలాడేసుకుని, తన పని తాను చేసుకుంటోంది.

బళ్ళో ఆయా పోలమ్మ అప్పటికే బూజుకర్ర చీపురు పట్టుకుని తయారుగా ఉంది. "ఒక్క దెబ్బ తల్లీ. నువ్వటు తిరిగి ఇటు తిరిగేసరికి అయిపోద్ది."

"ఆగు!" అని అరిచింది పైడితల్లి. "నువ్వు కొడతావు, అది తప్పించుకుని పోయి చుట్టాల్ని తోలుకొస్తుంది. అవొచ్చి ఎవర్ని కుడతాయి? కొట్టిన నిన్నా? కింద కూచున్న నా గుంటనా?"

"ఓలమ్మో, దానికి చుట్టాలెక్కడున్నారు? ఒంటరి ముండది."

"అవన్నీ మనకెలా తెలుస్తాయి? దేనికైనా ఒక పద్ధతుంటుంది. పైవాళ్ళకు తెలియపరచాలి."

అని, కూతురి బెంచీ మీదే కూర్చుని, గుండ్రటి అక్షరాలతో అర్జీ రాసింది. తరవాత జరిగిన అనర్థాలన్నిటికీ మూలం ఆ పొద్దున చీపురు పైకి లేవకపోవడమే. ఆ మాట ఆమెకు ఊళ్ళో అందరూ తలో సారి చెప్పారు. పోలమ్మ మటుకు రోజూ చెప్పింది.

హెడ్మాస్టరు పాణిగ్రాహి గారు రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. ఏ కాగితాన్నయినా తన బల్ల మీద కంటే ఇంకొకరి బల్ల మీద చూసుకుంటేనే ఆయనకు తృప్తి. అర్జీని చదవకుండానే పైకి పంపారు. పైన దానికోసమే కాచుకుని ఉన్నట్టున్నారు.

ఎందుకంటే విద్యాశాఖకు ఏడాదికో ఉత్సాహం వస్తుంది. అంతకు ముందేడు 'చిరునవ్వుల పాఠశాల'. పిల్లలు నవ్వుతుండగా ఫొటోలు తీసి పంపాలి. నవ్వు రాని పిల్లల్ని నవ్వేదాకా ఎండలో నిలబెట్టారు. ఈ ఏడు 'సహజీవన పాఠశాల'. బడి ఆవరణలో తనంతట తాను కాపురం పెట్టిన ఏ ప్రాణినైనా పాఠశాల కుటుంబ సభ్యురాలిగా పరిగణించవలెను. మండలం మొత్తం మీద ప్రాణి ఉందని రాతపూర్వకంగా ఒప్పుకున్నది పైడితల్లి ఒక్కతే.

సహజీవన సమన్వయాధికారి దండపాణి గారు జీపులో వచ్చారు. గది గుమ్మం దాటకుండా, మెడ మాత్రం లోపలికి చాపి, గూటికి నమస్కారం పెట్టారు.

"అమ్మా, మీరు దీన్ని సమస్య అని పేర్కొన్నారు. శాఖ దీన్ని అవకాశంగా పరిగణిస్తున్నది."

"కుడుతుంది బాబూ" అంది పైడితల్లి.

"కుట్టుట దాని భావవ్యక్తీకరణ. దానికి మనం వేదిక కల్పించాలి."

ఆయన ఫోను తీశారు. కుటుంబ సభ్యుల్ని నమోదు చెయ్యడానికి శాఖ దగ్గర ఉన్న యాప్ ఒకటే. అది పిల్లల్ని బళ్ళో చేర్చుకునేది. వేరేది తయారవుతోందట, ఈలోగా దీన్నే వాడుకోవలెనట. తరగతి అని అడిగితే ఆరు అని నొక్కారు. మాతృభాష అని అడిగితే ఇతరములు అని నొక్కారు. ఆడా మగా అని అడిగితే సైన్సు చెప్పే కుసుమకుమారి టీచరు వెనకనుంచి, "ఆడదే సార్. కొండి ఆడవాటికే ఉంటుంది" అంది. గౌరునాయుడు అక్కడ లేడు గానీ ఉంటే తల ఊపేవాడు.

ఆఖరి గడి దగ్గర బండి ఆగింది. గార్డియను పేరు. ఎర్రచుక్క ఉన్న గడి, నింపకపోతే ముందుకు పోదు.

దండపాణి గారు చుట్టూ చూశారు. పాణిగ్రాహి గారు కిటికీలోంచి ఆకాశం చూశారు. పోలమ్మ చీపురు వంక చూసింది.

"మొదట గుర్తించింది తమరే కదా" అన్నారు దండపాణి గారు, పైడితల్లితో, ఎంతో గౌరవంగా.

ఒప్పుకోకపోతే మోక్షిత పేరు బళ్ళోంచి తీసేస్తారని ఎవరూ అనలేదు. పైడితల్లికి అలాంటివి ఎవరూ అననక్కరలేదు, తనకు తానే వినిపించుకోగలదు. ఫోను మీద వేలిముద్ర వేసేసింది.

ఆ పూట గౌరునాయుడు అన్నం కలుపుతూ, "ఒక్క పిల్లతోనే నాకు నిద్ర లేకుండా చేస్తన్నావు. ఇప్పుడింకెంతమందే?" అన్నాడు.

"ఒక్కత్తే."

"ఇప్పటికి" అన్నాడాయన.

వానలు పడ్డాయి. గార్డియను వారానికోసారి వచ్చి పిల్లల ప్రగతి చూసి సంతకం చెయ్యాలని నియమం. కనక పైడితల్లి వచ్చేది. కిటికీ బయట గొడుగు పట్టుకుని నిలబడి చూసేది. చూస్తే ఆ ఒంటరిది పాపం ఊపిరి తీసుకోకుండా పనిచేస్తోంది. బెంచీ చెక్క గీరి, ఆ పొట్టు నమిలి, కాగితంలా చేసి గదులు కడుతోంది. గదికో గుడ్డు పెడుతోంది. గొంగళిపురుగును పట్టుకొచ్చి, ముద్ద చేసి, ఒక్కో పిల్ల నోట్లో పెడుతోంది. మోక్షిత చిన్నప్పుడు ఉగ్గుగిన్నె పట్టుకుని వీధంతా తిరిగిన రోజులు పైడితల్లికి గుర్తొచ్చాయి. వెంటనే లెంపలేసుకుంది. కుట్టేదాని మీద జాలేమిటి?

మొదటి కాన్పు కూతుళ్ళు రెక్కలొచ్చి బయటికి రాగానే తల్లి ఇంటిపట్టున ఉండిపోయింది. తిరుగుడంతా కూతుళ్ళది. గూడు గోరంతనుంచి అరచేయంత, అరచేయినుంచి పళ్ళెమంత అయింది.

శాఖలో పండగ. "ఇతర మండలాల్లో పిల్లలు లేక బళ్ళు మూతపడుచుండగా, ఇచట ప్రవేశాలు రోజురోజుకూ పెరుగుచున్నవి" అని దండపాణి గారు సభలో చదివారు. పాణిగ్రాహి గారికి శాలువా కప్పారు. ఆ శాలువా కప్పుకునే ఆయన కొత్త ఉత్తర్వు చదివారు. ఆరో తరగతిలో పిల్లలకంటే కందిరీగలు ఎక్కువయ్యాయి. ఎక్కువమంది ఎవరున్నారో గది వాళ్ళకే చెందాలి. కందిరీగలు ఇకనుంచి ఆరో తరగతి బి సెక్షన్. మనుషుల పిల్లలు ఎ సెక్షన్, వరండాలో కూర్చోవలెను.

వరండాకు ఒకవైపు గోడ, మూడువైపులా వాన. మోక్షిత చివరి వరసలో కూర్చునేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పరికిణీ పిండితే నీళ్ళు. మూడో రోజున దగ్గు పట్టుకుంది. పైడితల్లికి ఇన్నాళ్ళూ రకరకాల భయాలుండేవి, ఇప్పుడన్నీ ఒక్క భయంలో కలిసిపోయాయి. ఆమెకు కావలసింది ఒక్కటే. పిల్ల మళ్ళీ ఆ గదిలోకి, కప్పు కిందకి పోవాలి. ఎ సెక్షన్ తల్లులంతా కుళాయి దగ్గర ఆమెను చూసి నీళ్ళు పట్టుకోవడం ఆపేసేవారు.

"మీ పిల్లలకు గదిచ్చారుగా, ఇంకేటి లోటు నీకు?" అంది ఒకావిడ.

దండపాణి గారి దగ్గరికి పరిగెత్తింది. "బాబూ, గుంటలు తడిసిపోతున్నారు. దగ్గులొస్తున్నాయి."

"వర్షానుభవం కూడా ప్రకృతితో సహజీవనమేనమ్మా. దీన్ని ఫొటో తీసి పంపారా?"

హాజరు తీసుకోవడం కుసుమకుమారి టీచరు మీద పడింది. చున్నీతో మొహమంతా చుట్టుకుని, కిటికీ అవతలనుంచి చూసి వేసేది. పిల్లలైతే పిలిస్తే పలుకుతారు. ఇవి పిలిస్తే బయటికొస్తాయి. ఒకనాడు పాణిగ్రాహి గారే శాలువాతో తనిఖీకి వెళ్ళారు. శాలువా మీది ఎర్రపువ్వులు చూసో, ఆయనే ముక్కుపొడి పీల్చి గట్టిగా తుమ్మినందుకో తెలీదు, తిరిగొచ్చేసరికి ముక్కు వంకాయంత అయింది.

గార్డియనుకు కబురొచ్చింది.

"మీ వార్డుల ప్రవర్తన బావుండలేదు" అన్నారు పాణిగ్రాహి గారు, ముక్కుమీద తడిగుడ్డతో. మాటలు గుడ్డలోంచి వచ్చాయి.

పైడితల్లి చేతులు కట్టుకుంది. "చిన్నపిల్లలు మేష్టారూ, తెలీక..." అని, తానేమంటోందో తెలిసి నాలిక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైంది, క్షమాపణ యాప్‌లో ఎక్కిపోయింది.

దసరా సెలవులయ్యాక ఇంకో కబురు. మధ్యాహ్నం భోజనంలో పిల్లలకిచ్చే వేరుశనగ చిక్కీల మీద బి సెక్షన్ వాలుతోంది. ఎ సెక్షన్ పిల్లలు చిక్కీలు వదిలేసి పారిపోతున్నారు. మోక్షిత ఒక్కతే పారిపోలేదట. చిక్కీ రెండు ముక్కలు చేసి, ఒకటి దూరంగా పెట్టి, ఇంకోటి తను తిన్నదట. ఆ సంగతి విని పైడితల్లికి కళ్ళు తిరిగాయి.

"భయపడకండి పిన్నిగారూ" అంది కుసుమకుమారి టీచరు, ఆమెను వరండా మెట్టు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి. "ఇన్నాళ్ళూ ఇవి పసిపిల్లలకు పురుగులు తెచ్చి పెట్టేవి. పిల్లల నోట్లోంచి తియ్యటి నీరొచ్చేది, అదే వీటి తిండి. ఇప్పుడు గూట్లో పసిపిల్లలు లేరు. తల్లి గుడ్లు పెట్టడం మానేసింది. వీటికి పనీ లేదు, తీపీ లేదు. అందుకే ఇలా తిరుగుతున్నాయి."

"మరి తరవాత?"

"చలికి పోతాయి. తల్లీ పోతుంది. కొత్తగా పుట్టిన ఆడవి కొన్ని ఎక్కడో సందుల్లో, చెక్కల వెనక దాక్కుంటాయి. ఎండలు రాగానే ఒక్కోటీ ఒంటరిగా వెళ్ళి కొత్తగా గూడు మొదలెడుతుంది. పాత గూటికి మళ్ళీ రావు."

పైడితల్లి మొహం వెలిగింది. "అయితే గది ఖాళీ అయిపోతుందన్నమాట!"

"గది ఖాళీ అవుతుంది" అంది టీచరు, గది తలుపు మీది బోర్డు వంక చూస్తూ. "బి సెక్షన్ ఖాళీ అవుతుందా అన్నదే నా అనుమానం. ఈ సంగతంతా నేను పైకి రాసి పంపాను. సిలబస్‌లో లేని విషయాలు ప్రస్తావించవద్దని జవాబొచ్చింది."

అనుమానమే నిజమైంది. చలి ముదిరేకొద్దీ హాజరు పడిపోయింది. పైనుంచి జీపు పరిగెత్తుకుంటూ వచ్చింది.

"డ్రాపౌట్లు!" అన్నారు దండపాణి గారు గుండె మీద చెయ్యేసుకుని. "ఇంత పెద్ద ఎత్తున! పైడితల్లి గారూ, నిజం చెప్పండి. పిల్లల్ని ఎక్కడైనా పనిలో పెట్టారా?"

"అయ్యో బాబూ, నా చేతిలో ఏముంది? అవి పుట్టడమే పనికి పుట్టాయి."

"చూశారా, ఒప్పుకున్నారు" అన్నారాయన పాణిగ్రాహి గారితో.

"పోనీ బాబూ, ఇక రావు కదా. పేర్లు తీసేసి మా పిల్లలకు గది ఇచ్చెయ్యండి."

దండపాణి గారు ఆమెను చూసిన చూపులో కోపం కంటే జాలి ఎక్కువ ఉంది. "అమ్మా, ఈ మండలంలో బడి మానేసిన పిల్లలే లేరని శాఖ ప్రకటించేసింది. లేని డ్రాపౌట్ల పేర్లు ఎలా తీసెయ్యగలం? పైగా వాళ్ళు ఇంట లేని సమయాన గది లాక్కోవడం ఎంత అమానుషం!"

'మళ్ళీ గూటికి' అని కార్యక్రమం పెట్టారు. వరండాలో దగ్గుతున్న ఎ సెక్షన్ పిల్లలకు అట్టబోర్డులిచ్చి ఊరేగించారు. ముందు పాణిగ్రాహి గారు, ఆయన వెనక డప్పు, డప్పు వెనక గార్డియను. ఇంటింటికీ వెళ్ళి నచ్చజెప్పి పిల్లల్ని తీసుకురావాలని ఉత్తర్వు. పైడితల్లి తల వంచుకుని, "మీ ఇంట్లో కందిరీగలేమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగింది. ఒకావిడ తలుపేసుకుంది. ఇంకో ముసలావిడ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చూసి, "ఒకటి ఇప్పుడే గుమ్మంలోకి వచ్చింది" అంది.

మిఠాయి కొట్టు అద్దం మీద ఒకటి దొరికింది. చలికి బిగుసుకుపోయి, రెక్కలు ముడుచుకుని ఉంది. పైడితల్లి దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకుని, కుదుపు తగలకుండా బడిదాకా మోసుకొచ్చింది. తెరిచి చూస్తే కదల్లేదు. పెట్టె మళ్ళీ నెమ్మదిగా మూసింది. ఇంటికెళ్ళి గౌరునాయుడితో, "ఈ చలిలో ఎక్కడ తిరుగుతున్నాయో ఏమో" అంది.

"ఎవరు?" అన్నాడు మొగుడు. తరవాత అర్థమై అన్నం కంచం పక్కకు పెట్టాడు. "కుడతాయని ఏడ్చావు. ఇప్పుడు కుట్టట్లేదని ఏడుస్తన్నావు. నిన్ను చూస్తే నాకే భయమేస్తందే."

మర్నాడు గది తెరిచేసరికి గూటి కింద, సుద్దముక్కల పొడిలో, తల్లి కందిరీగ పడి ఉంది. రెక్కల అంచులు చిరిగిపోయాయి. పోలమ్మ చీపురుతో తోయబోయింది.

"ఉండు" అంది పైడితల్లి. కొంగుతో ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టింది. బయట వరండాలోంచి మోక్షిత దగ్గు వినిపిస్తోంది. ఒక దగ్గు, వెనక ఇంకో దగ్గు. ఇది ఎంతో కష్టపడి కట్టిన గదుల్లో ఎవరూ లేరు. ఈ గదిలో ఉండాల్సిన పిల్లేమో బయట. ఈ తల్లి తన పిల్లలకోసం ఏ ఆఫీసుకూ అర్జీ పెట్టుకోలేదు. పెట్టుకునుంటే ఇప్పటికీ ఒక్క గదీ కట్టి ఉండేది కాదు.

ఆ నిమిషాన పైడితల్లికి తన ఆడపడుచు గుర్తొచ్చింది. ఆవిడకు ఏ బడీ నచ్చదు. ఏడాదికో బడి మారుస్తుంది. ఏ హెడ్మాస్టరు ఎంత బతిమాలినా వినకుండా ఒకే మాట అని కూర్చుంటుంది. పైడితల్లి తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్ళి, ఆడపడుచులాగే నడుం మీద చెయ్యేసుకుని ఆ మాటే అంది.

"నా పిల్లలకు టి.సి. ఇప్పించండి."

పాణిగ్రాహి గారి చేతిలో ముక్కుపొడి డబ్బా జారింది. ఫోను చేసి పిలిపిస్తే దండపాణి గారు వచ్చి, నియమాలన్నీ తిరగేశారు. బడి మానకూడదని ఉంది. పేరు తీసెయ్యకూడదని ఉంది. గార్డియను టి.సి. అడిగితే ఇవ్వకూడదని ఎక్కడా లేదు.

"మా సదుపాయాల్లో ఏం లోపం కనిపించిందమ్మా?" అన్నారాయన, నిజంగానే బాధపడుతూ.

"లోపమేం లేదు బాబూ. తల్లి పోయింది. ఇంటి పరిస్థితులు."

"కుటుంబ కారణములు" అని రాసుకున్నారాయన మెల్లగా.

ప్రవర్తన అన్న చోట పాణిగ్రాహి గారి కలం ఆగింది. ఎడమచేత్తో ముక్కు తడుముకున్నారు. చివరికి 'సంతృప్తికరం' అని రాశారు, అది తప్ప టి.సి.లో ఇంకే మాటా ఎవరూ రాయగా ఆయన చూడలేదు. ఇకపై ఎక్కడ చదువుతారు అన్న గడికి ఎర్రచుక్క ఉంది. పైడితల్లి ఇంటి చిరునామా రాసి మూసేశారు.

ఆ మధ్యాహ్నమే ఎ సెక్షన్ గదిలోకి వచ్చింది. మోక్షిత తన బెంచీ మీద కూర్చుని, గీరిన చెక్క మీద వేలు రాసి, పైన ఖాళీ గూటి వంక చూసింది. కప్పు కింద దగ్గు నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. పైడితల్లి బతుకులో భయపడడానికి ఏమీ లేని రోజులు కొన్ని వచ్చాయి. అవి చూసి ఆమెకు ఏమవుతుందోనని భయమేసింది.

ఎండలు మొదలయ్యాయి. ఒక పొద్దున గౌరునాయుడు చిన్నగది కిటికీ దగ్గర నిలబడి, "ఏటే, ఇలా రా" అని పిలిచాడు. మోక్షిత చదువుకునే గది అది. కిటికీ పైచెక్కకు బూడిదరంగు కాడ ఒకటి వేలాడుతోంది. దాని చివర గోరంత గొడుగు. పక్కన ఒకే ఒక్క కందిరీగ, నడుం సన్నగా, తలుపుచెక్క గీరుకుంటోంది.

"చీపురందుకో" అన్నాడాయన.

పైడితల్లి చీపురు తెచ్చింది. పైకెత్తింది. కందిరీగ ఒకసారి ఇటు తిరిగి చూసి, మళ్ళీ తన చెక్క తాను గీరుకుంది. చీపురు కిందికి దిగింది.

"టి.సి.లో మన అడ్రసే రాశారు" అంది నెమ్మదిగా. "నమ్మి వచ్చింది."

"అర్జీ పెడతావా ఏటి మళ్ళీ?"

"నా నోట రాదు. నువ్వూ ఎవరితో అనకు" అని వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. తరవాత చిన్నగదిలోంచి మోక్షిత చాప తీసింది, పుస్తకాలు తీసింది, టేబులు ఫ్యాను తీసింది, అన్నీ మోసుకొచ్చి వసారాలో సర్దింది. "చలికాలం దాకానే అమ్మా. కింద కూచున్నప్పుడు కుడితేనో? దానికైనా ఇప్పుడు కుదుపు పనికిరాదు. పసిపిల్లల తల్లి."

మోక్షిత వసారాలో చాప మీద కూర్చుని, పుస్తకం తెరిచి, తల్లి వంక చూసింది.

"అమ్మా, నేను మళ్ళీ ఎ సెక్షనా?"